క్యారవాన్‌లో కాపురం: బరంపురం – కొరాపుట్ ప్రాంతంలో దంపతులు ఎలా మొదలుపెట్టాలి?

ఒడిశా సరిహద్దులోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు దంపతులు అద్దె ఇల్లు వదిలి క్యారవాన్‌లోనే పూర్తికాలం ఉండాలనుకుంటే, వారికి పుట్టిన నేల ఒక మంచి సౌలభ్యం ఇస్తోంది. గోపాలపురం సముద్రతీరంలో బయలుదేరి తీరిగ్గా వెళ్లినా రెండు రోజుల్లో సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ పీఠభూమికి చేరవచ్చు. ఆ దారిలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం బజార్లలో తెలుగులో అడిగితే తెలుగులో బదులు చెప్పేవారు దొరుకుతారు. అందుచేత మొదటి ఏడాది లడాఖ్, కన్యాకుమారి అంటూ దూరాలు పెట్టుకోకుండా, ఈ చుట్టుపక్కలే రుతువును బట్టి తీరానికీ కొండకూ మారుతూ గడపమని నా సలహా. నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, మలినం ఎక్కడ పారబోయాలి, రాత్రికి ఎవరిని అడిగి బండి నిలపాలి అన్న ప్రశ్నలు ఎంత దూరం వెళ్లినా మారవు కనుక, వాటికి సమాధానాలు తెలిసిన మనుషుల మధ్యే నేర్చుకోవడం మేలు.

కొనకముందే చేయవలసిన పరీక్ష

ముందుగా ఒక క్యారవాన్‌ను పది రోజులు అద్దెకు తీసుకొని ఉండి చూడండి. అద్దె బండి దొరకకపోతే మీ ఇంట్లోనే ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. హాలులో పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పున ముగ్గుపిండితో గీత గీసి, ఆ గీత లోపలే మంచం, పొయ్యి, బట్టలు, ఇద్దరి పనిసామగ్రి అన్నీ సర్దుకొని, రోజుకు ఇద్దరికీ కలిపి 40 లీటర్ల నీళ్లే కొలిచి పెట్టుకొని గడపండి. ఈ పరీక్షను జనవరిలో కాకుండా జూలైలో పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే తడి బట్టలు ఆరక, బయటికి పోలేక, ఒకే గదిలో ఇద్దరూ రోజంతా ఎదురెదురుగా కూర్చోవలసి వచ్చే వానాకాలమే ఈ జీవితానికి అసలైన కొలత. ఎంతో ఇష్టంగా మొదలుపెట్టినవారు కూడా నాలుగో రోజుకే బట్టలు సగానికి తగ్గించుకోవడం, వంటపాత్రలు ఒక్కొక్కటిగా గీత బయటికి నెట్టడం మొదలుపెడతారు. ఆ గీత దాటి వెళ్లిన వస్తువుల జాబితా రాసుకోండి. అవి బండిలోకి ఎక్కనవసరం లేదు.

బండి, కాగితాలు

మన దగ్గర క్యారవాన్‌గా మార్చేందుకు ఎక్కువగా వాడేవి ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ తరగతి బండ్లు. చిన్నగా మొదలుపెట్టాలనుకునేవారు మారుతి ఈకోను ఎంచుకుంటారు గానీ, నిటారుగా నిలబడలేని బండిలో పూర్తికాలం ఉండడం నడుముకు మంచిది కాదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్నంతవరకు తేలికపాటి మోటారు వాహనం నడిపే లైసెన్సు సరిపోతుంది.

కాగితాల విషయంలో తొందరపడకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండి నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. దాని కింద ధ్రువీకరణ పొందిన తయారీదారు దగ్గర కట్టించుకుంటే, ‘సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్’ అనే వర్గంలో, రవాణాయేతర వాహనంగా రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. ఊళ్లో తెలిసిన షెడ్డులో చవకగా పని చేయించి, తరువాత ఆర్‌టీవో కార్యాలయం చుట్టూ తిరగడం కంటే, కొటేషన్ తీసుకునే రోజునే ఆ ధ్రువపత్రం చూపించమని అడగడం సులువు. సెకండ్ హ్యాండ్ ట్రావెలర్లలో చాలావరకు పసుపు బోర్డువే, అంటే టూరిస్టులకో బడిపిల్లలకో తిరిగినవే, కనుక వాటిని సొంత వాహన వర్గంలోకి మార్చడానికి అయ్యే పన్ను, సమయం ధరలో కలిపి లెక్క వేయండి. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కాబట్టి పన్నెండేళ్ల బండిని చవక అని కొనేముందు ఆలోచించండి. బీమా కంపెనీకి మార్పులన్నీ రాతపూర్వకంగా తెలియజేసి, అవి పాలసీలో నమోదయ్యేలా చూసుకోండి.

అన్నీ సర్దుకున్నాక, నీళ్ల ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, మీరిద్దరూ కూర్చొని, బండిని వేబ్రిడ్జి కాటా మీద తూయించండి. ముందు చక్రాల బరువు, వెనుక చక్రాల బరువు విడివిడిగా రాయించుకొని, ఆర్‌సీలోని పరిమితితో పోల్చి చూడాలి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. వెనుక మూల ఒక ట్యాంకు, దాని పక్కన బ్యాటరీలు పెట్టిస్తే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ ఒరుగు తెలుస్తుంది.

కరెంటు లెక్క

అమ్మేవాడు చెప్పిన మాట మీద కాకుండా, మీ వాడకాన్ని ఒక కాగితం మీద వాట్-అవర్లలో (వాట్లను నడిచే గంటలతో హెచ్చవేస్తే వచ్చే లెక్క) వేసుకొని అప్పుడు బ్యాటరీ కొనండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు దాదాపు 500, తక్కువ కరెంటుతో తిరిగే ఇరవై అయిదు వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పన్నెండు గంటలకు 300, ల్యాప్‌టాప్ ఆరు గంటలకు 300, దీపాలు, ఫోన్లు, నీళ్ల మోటారు కలిపి 150 అనుకుంటే మొత్తం 1,250 దాకా వస్తుంది. 12.8 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 2,560 వాట్-అవర్లు నిల్వ ఉంటాయి కనుక రెండు రోజులు గడుస్తుంది. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు పెడితే, మంచి ఎండ ఉన్న రోజున నష్టాలు పోను 1,200 నుంచి 1,500 వరకు వస్తుంది. ముసురు పట్టిన రోజున అందులో మూడోవంతు వచ్చినా సంతోషించాలి. ఆ కొరత తీర్చడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ నింపే డీసీ-టు-డీసీ చార్జర్‌ను, ఎవరి ఇంటి ముందైనా నిలిపినప్పుడు ప్లగ్గుకు తగిలించుకునే చార్జర్‌ను మొదటే పెట్టించండి. బయటి కరెంటు తీసుకునే తీగకు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, తప్పనిసరి, ఎందుకంటే వానలో ఇనుప బండికి షాకు వస్తే మొదట తగిలేది మెట్టు దిగేవారికే.

ఏసీ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ నడిచినప్పుడు సుమారు వెయ్యి వాట్లు లాగుతుంది. ఒక రాత్రికి అది ఆగి ఆగి నడిచినా అయిదు వేల వాట్-అవర్లకు తక్కువ కాదు, అంటే పైన చెప్పిన బ్యాటరీకి రెండింతలు. ఇన్ని బ్యాటరీల బరువూ ఖర్చూ భరించేకంటే మే నెలలో బండిని కొండెక్కించడం తెలివైన పని. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, కొరాపుట్‌లో ఆ మేలు చాలావరకు మీకు దక్కుతుంది. సినిమా షూటింగుల దగ్గర కనిపించే క్యారవాన్లలో ఏసీ రోజంతా నడుస్తుందని చూసి మోసపోకండి, వాటి పక్కనే జనరేటర్ ఉంటుంది.

నీళ్లు, వంట, మరుగుదొడ్డి

ఇద్దరికి వంద లీటర్ల ట్యాంకు రెండు మూడు రోజులకు సరిపోతుంది. తాగే నీటికి వేరే క్యాన్లు ఉంచుకొని, వాడుక నీళ్లను వాటిలో కలపకండి. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఉద్దానంలో ఉన్న రోజుల్లో తాగడానికి ఏ బోరు నీళ్లయితే ఆ నీళ్లు పట్టుకోకుండా రక్షిత సరఫరా నీటినే తీసుకోండి; అక్కడి కిడ్నీ వ్యాధికి కారణం నీరేనని తేలకపోయినా, ఈ జాగ్రత్తకు పెద్దగా ఖర్చు లేదు.

వంటకు అయిదు కిలోల చిన్న గ్యాస్ సిలిండర్ అనుకూలం. ఇది చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు మీదే దొరుకుతుంది, ఇండియన్ ఆయిల్ వారిదైతే ‘ఛోటు’ అని అడిగితే చాలు. గ్యాస్ గాలి కంటే బరువైనది కాబట్టి లీకైతే నేలమీదే పేరుకుంటుంది. సిలిండర్ పెట్టే అర అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, గ్యాస్ అలారాన్ని నేలకు దగ్గరగా బిగించాలి. సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి గట్టిగా ఉంటుంది. అలాంటప్పుడు బండి తలుపులు మూసుకొని లోపల కుంపటి పెట్టుకోవడం ప్రాణాంతకం, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. రెండు దుప్పట్లు అదనంగా కప్పుకొని, ఒక కిటికీ వేలెడంత తెరిచి పడుకోండి. తెల్లారేసరికి గోడలకు పట్టే చెమ్మ కూడా దానివల్ల తగ్గుతుంది.

మరుగుదొడ్డి గురించి చాలామంది మాట్లాడరు, కాపురం నిలిచేదీ చెడేదీ ఎక్కువగా దానితోనే. బజారులో దొరికే క్యాసెట్ టాయిలెట్లు సుమారు ఇరవై లీటర్లు పడతాయి. అవి కాగితం వాడేవారి కోసం తయారైనవి. నీళ్లతో కడుక్కునే మనకు అవి ఒకటిన్నర, రెండు రోజుల్లోనే నిండిపోతాయి. అందుచేత మూత్రాన్ని, మలాన్ని వేరుగా పట్టే పొడి మరుగుదొడ్డి మనకు నయం. మలం మీద ప్రతిసారీ కొబ్బరి పొట్టు చల్లితే వాసన అణిగిపోతుంది. కవిటి, సోంపేట కొబ్బరి తోటల వైపు ఆ పొట్టు బస్తాలకొద్దీ దొరుకుతుంది. కడుక్కునే నీళ్లు అందులో పడకుండా పక్కనే చిన్న తొట్టి కట్టించండి. ఏ పద్ధతి ఎంచుకున్నా మలినాన్ని వాగులోనో పొలంగట్టు మీదనో పారబోయకండి. క్యాసెట్టయితే అనుమతి అడిగి సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలో ఖాళీ చేయాలి. బంకువారు, దాబావారు ఒకసారి డీజిల్ పోయించుకున్నవారికి, భోజనం చేసినవారికి సాధారణంగా కాదనరు, కడిగి శుభ్రం చేసి వెళ్లినవారికి రెండోసారి అసలు కాదనరు.

ఇద్దరి మధ్య ఒప్పందాలు

అరవై చదరపు అడుగుల్లో అలిగి వెళ్లడానికి వేరే గది ఉండదు. కాబట్టి కొన్ని విషయాలు మాట పట్టింపు రాకముందే మాట్లాడుకోవాలి.

మొదటిది, ఇద్దరూ బండి నడపగలగాలి. భార్యకు డ్రైవింగ్ రాకపోతే నేర్చుకునే దాకా బయలుదేరకండి. భర్తకు అర్ధరాత్రి జ్వరమో ఛాతీనొప్పో వస్తే రాయగడ ఆసుపత్రికి తీసుకువెళ్లేది ఎవరన్నది మొహమాటానికి వదిలేసే ప్రశ్న కాదు. నీళ్లు పట్టడం, మరుగుదొడ్డి ఖాళీ చేయడం, గ్యాస్ మార్చడం, ఫ్యూజు వేయడం కూడా ఇద్దరికీ రావాలి. వారం వారం మార్చుకుంటే ‘ఇది నా పని, అది నీ పని’ అన్న తగవు రాదు. వంట మాత్రం ఆడవాళ్లదే అన్న పాత లెక్కను ఇంట్లోనే వదిలిపెట్టి రావడం మంచిది.

రెండోది, చోటు నచ్చకపోవడం గురించిన నియమం. ఒక చోట రాత్రి బండి నిలిపాక ఇద్దరిలో ఏ ఒక్కరికి మనసు ఒప్పకపోయినా, కారణం అడగకుండా, ఎగతాళి చేయకుండా వెంటనే కదిలిపోవాలి. తాగుబోతుల కేకలో, దగ్గరగా వచ్చి ఆగిన మోటారు సైకిలో ముందుగా ఆడవారికే అనుమానం కలిగిస్తాయి; ఆ అనుమానాన్ని వాదించి గెలవవలసిన అవసరం ఎవరికీ లేదు. ఈ నియమం ఉంది కాబట్టే చీకటి పడకముందు నిలపాలి, బండి ముఖం ఎప్పుడూ రోడ్డు వైపు ఉండాలి, డ్రైవరు సీటుకు లోపలినుంచే వెళ్లగలిగేలా దారి ఉండాలి.

మూడోది, విడిగా గడిపే సమయం. రోజుకు రెండు గంటలు ఒకరు బండిలో, మరొకరు బయట ఉండేలా చూసుకోండి. ఒకరు సంతకో గుడికో గ్రంథాలయానికో వెళ్లి రావచ్చు. కుందులి లాంటి పెద్ద వారపు సంత దగ్గర ఉన్నప్పుడు ఆ రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ఇంటినుంచి ఆఫీసు పని చేసేవారు ఉంటే, కాల్ ఉన్న సమయాలు ముందురోజు రాత్రే చెప్పుకోవాలి, ఎందుకంటే కుక్కర్ విజిల్ వినబడనంత దూరం ఆ బండిలో ఎక్కడా లేదు.

పెద్దవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ‘ఇల్లూ వాకిలీ లేకుండా ఇదేం కాపురం’ అని అత్తమామలు, తల్లిదండ్రులు బాధపడటం సహజం. బయలుదేరేముందు ఒక వారం బండిని వాళ్ల గుమ్మం ముందే నిలిపి, అందులోనే వండి వాళ్లకు వడ్డించండి. పండుగలకు, పెద్దల తద్దినాలకు ఏ ఊళ్లో ఉంటారో ముందే తేదీలు చెప్పి, ఆ మాట తప్పకండి.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డీజిల్, మరమ్మతు, బీమా, టైర్లు అనే నాలుగు ఖాతాలకు నెలనెలా విడిగా తీసిపెట్టండి. వీటికి తోడు, ఎప్పుడైనా తిరిగి ఇల్లు అద్దెకు తీసుకోవడానికి కావలసిన అడ్వాన్సు, ఆరు నెలల అద్దె బ్యాంకులో కదలకుండా ఉండాలి. ఆ డబ్బు ఉన్నప్పుడే బండిలో ఉండటం మీ ఇష్టం అవుతుంది, లేకపోతే అది గత్యంతరం లేని బతుకు అవుతుంది.

ఏడాది తిరుగుడు

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు తీరం హాయిగా ఉంటుంది. గోపాలపురం, చిలికా ఒడ్డున రంభ, బర్కూల్, కొండ దారిలో తప్తపాణి వద్ద ఒడిశా పర్యాటక సంస్థవారి అతిథి గృహాలైన పాంథనివాస్‌లు ఉన్నాయి. అక్కడ మేనేజరును అడిగి, భోజనం వాళ్ల దగ్గరే చేస్తామని చెప్పి, ఆవరణలో నిలుపుకోవడానికి ప్రయత్నించండి. ఏప్రిల్, మే నెలల్లో సాలూరు మీదుగా గానీ రాయగడ మీదుగా గానీ కొరాపుట్, సునాబెడ, దమంజోడి వైపు ఎక్కండి. సాలూరు ఘాట్ దిగేటప్పుడు, ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే ఆధారపడితే నిండు బరువున్న బండికి బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

వానాకాలంలో తిరగడం మానేసి, గట్టి నేల ఉన్న ఒక ఊళ్లో మూడు నెలలు ఉండిపోండి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ ఒడ్డున నీళ్లు తక్కువగా ఉన్నాయని బండి దింపవద్దు, పైన కొండల్లో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే వచ్చి పడుతుంది. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి అడవుల్లో మలేరియా భయం ఎప్పటినుంచో ఉంది, కాబట్టి ప్రతి కిటికీకి, తలుపుకు దోమతెర బిగించి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి.

అక్టోబరు నెలకు ప్రత్యేకమైన ఆలోచన కావాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు తీసింది. అంటే తీరం వదిలి దగ్గరి కొండవాలుకు చేరినా రక్షణ లేదు. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే, గాలి మొదలవకముందే, చెట్లకూ వాలుకూ దూరంగా ఉన్న పెద్ద ఊరికి లోపలికి తరలిపోవాలి; తప్పించుకోలేని పరిస్థితి వస్తే బండిని వదిలేసి పక్కా భవనంలోకి, తీరప్రాంతమైతే తుపాను ఆశ్రయ భవనంలోకి వెళ్లాలి. ఎత్తైన బండిని గాలి పక్కనుంచి కొడితే పడదోస్తుంది.

రాత్రి నిలపడానికి పెట్రోలు బంకు, దాబా, బంధువుల వాకిలి, గుడి ఆవరణ అన్నీ పనికొస్తాయి, అడగడమే ముఖ్యం. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ షెడ్యూల్డ్ ప్రాంతాలు. గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం మీద అక్కడ చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి, కాబట్టి ‘ఈ భూమి చెక్క మాకు రాసివ్వండి’ అనే మాటే ఎత్తకుండా ఊరి పెద్దను అడిగి రెండు రోజులు ఉండి, చేతనైనంత ఇచ్చి కదలండి. బొండాలు, డొంగ్రియా కొంధులు అనే గిరిజన తెగలవారు నివసించే కొండలమీద బస పెట్టవద్దు. ఒడియాలో అంకెలు, ‘నీళ్లు’, ‘ఇక్కడ ఉండవచ్చా’ అన్న నాలుగు మాటలు ఇద్దరూ నేర్చుకుంటే పల్లెల్లో చాలా పని సులువవుతుంది.

సరిహద్దు దాటేటప్పుడు తనిఖీలు ఉంటాయని తెలుసుకోండి. గంజాయి రవాణా కారణంగా కొరాపుట్, మల్కనగిరి నుంచి ఆంధ్ర వైపు వచ్చే దారుల్లో, లోపల అరలు, పరుపులు ఉన్న బండిని పోలీసులు వదిలిపెట్టరు. అరలన్నీ చప్పున తెరిచి చూపగలిగేలా ఉంచుకోండి. దారిలో ఎవరు బతిమాలినా వాళ్ల సంచిగానీ పార్శిల్‌గానీ బండిలోకి ఎక్కించకండి. మద్యం విషయంలో రెండు రాష్ట్రాల నిబంధనలూ వేరు కనుక సీసాలతో సరిహద్దు దాటకపోవడమే మంచిది.

చిరునామా, ఇల్లు ఖాళీ చేయడం

బ్యాంకు, బీమా, ఆధార్, ఓటు అన్నింటికీ స్థిర చిరునామా కావాలి కనుక, తల్లిదండ్రుల ఇంటినో అన్నదమ్ముల ఇంటినో వాళ్ల సమ్మతితో ఒకదాన్ని నిర్ణయించుకొని అన్ని కాగితాలూ దానికే మార్పించండి. ఆ చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే బండిని అక్కడే రిజిస్టర్ చేయించడం తేలిక. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, బండిని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. దానికి మొదటి రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, కొత్త రాష్ట్రంలో పన్ను కట్టాలి. ఆంధ్ర నంబరు బండితో ఒడిశాలో తిరిగేవారు ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు వచ్చి వెళ్లిన తేదీలకు డీజిల్ బిల్లులు, టోల్ రసీదులు దాచుకుంటే, ఎవరైనా అడిగినప్పుడు చూపడానికి ఉంటాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరుకు, అంటే రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అవసరం లేని నంబరుకు, అర్హులు. కొత్త బండి కొనేటప్పుడే ఆ అర్హత ఉందేమో చూసుకోండి.

అద్దె ఇల్లు మాత్రం మొదటి వానాకాలం పూర్తయ్యేదాకా ఖాళీ చేయకండి. రెండు అద్దెలు దండగ అనిపిస్తే ఇంటిని ఒక్క గదికి తగ్గించుకొని, మిగిలిన సామాను అమ్మకుండా అందులో పెట్టి తాళం వేయండి. సెప్టెంబరు చివర ఆ గది తెరిచి, ఆ మూడు నెలల్లో ఒక్కసారైనా అవసరం పడిన వస్తువులను పక్కకు తీసి, మిగిలినవాటిలో ఏది ఉంచాలో ఏది అమ్మాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నాకే ఇంటివారికి నెల ముందు నోటీసు ఇవ్వండి.